విడిపోవు హక్కు, విడదీయు అధికారము

2013 అక్టోబరు 3వ తేదీన కేంద్ర మంత్రివర్గము తెలంగాణ రాష్ట్ర నిర్మాణమునకు ఆమోదము తెలిపిన పిమ్మట, కోస్తాలోను రాయలసీమలోను చెలరేగిన ఆందోళన తీవ్రరూపము దాల్చిన పట్టణములలో విజయనగరము మొదటి వరుసలో నిలిచినది. అప్పటికే రెండు మాసములుగా ఉద్యోగుల సమ్మె సాగుచుండెను. బస్సులు డిపోలు దాటలేదు, కచేరీల తలుపులు తెరువలేదు. విద్యుదుద్యోగులు సైతము విధులు విడిచినందున పలు గ్రామములు రాత్రులు చీకటిలో మునిగెను. రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడైన బొత్స సత్యనారాయణ ఈ జిల్లావారే యగుటచేత జనాగ్రహము ఆయనవైపు మరలి, ఆయనకును ఆయన బంధువులకును చెందిన ఆస్తులపై దాడులు జరిగినవి. కర్ఫ్యూ వచ్చినది, కనబడినచో కాల్చివేయుడను ఉత్తరువు వెలువడినది, గంటస్తంభము, మూడులాంతర్లు వంటి నిత్యజనసమ్మర్దముగల కూడళ్లు పోలీసుల బూటుచప్పుడు తప్ప మరేమియు వినరాని స్థితికి వచ్చినవి.

ఆ ఆందోళనకారులు కోరినది రాష్ట్రమును విడదీయవద్దని. కాని నలువది యేండ్లకు పూర్వము, 1972, 73 సంవత్సరములలో, ఇదే ఉత్తరాంధ్రమున మార్మ్రోగినది రాష్ట్రమును విడదీయుమను ‘జై ఆంధ్ర’ నినాదము. శ్రీకాకుళం జిల్లా బారువలో పుట్టిన గౌతు లచ్చన్న, విశాఖపట్టణపు తెన్నేటి విశ్వనాథం ఆ ఉద్యమమునకు ముందు నిలిచిన నాయకులు. ఒకే గడ్డమీది జనులు ఒకమారు వేరుపడుటయే న్యాయమనియు, మరియొకమారు వేరుపరచుట అన్యాయమనియు ఎలుగెత్తి చాటుటను చాపల్యమని కొట్టివేయుట సులభము. నిజమునకు వారిని కదిలించినది రెండుమార్లును ఒకే భయము: మా ఉద్యోగము, మా నీరు, మా రాజధాని మాకు కాకుండ పోవునేమో యను భయము. అందుచేత విభజనను గూర్చిన విచారణ యందు రెండు ప్రశ్నలను విడివిడిగా వేసికొనవలసియున్నది. విడిపోవలెననుటకు హేతువేమి? విడదీయుటకు అధికారమెవరిది? ఈ రెంటిని కలగాపులగము చేయుటచేతనే మన వాదములు అరువదియేండ్లు గడచినను తెగలేదు.

అమెరికా దక్షిణాది వాదము

లోకమున ఈ రెండు ప్రశ్నలపై మిక్కిలి దీర్ఘముగా సాగిన వాదము అమెరికా దక్షిణ రాష్ట్రములది. 1860 డిసెంబరు 20వ తేదీన దక్షిణ కెరొలైనా తాను సంయుక్త రాష్ట్రములనుండి వైదొలగితినని ప్రకటించినది. మరి పది రాష్ట్రములు దానిననుసరించినవి. 1861 నుండి 1865 వరకు సాగిన అంతర్యుద్ధమున ఆరు లక్షలకు పైబడి సైనికులు మరణించిరి. ఓటమి పిమ్మట దక్షిణాది పెద్దలు పలువురు, తాము పోరాడినది రాష్ట్రముల హక్కులకొరకే యని గ్రంథములు వ్రాసిరి. కాని విడిపోవునాడు ఆ రాష్ట్రములే వెలువరించిన కారణపత్రములను విప్పి చూచినచో, నల్లవారిని బానిసలుగా ఉంచుకొను ఏర్పాటునకు భంగము కలుగునను భీతియే ముందుగా కానవచ్చును. విడిపోయిన రాష్ట్రములు ఏర్పరచుకొన్న కూటమికి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో సవానా పట్టణమున ప్రసంగించుచు, నల్లవారు తెల్లవారితో సమానులు కారను భావమే తమ క్రొత్త ప్రభుత్వమునకు మూలశిల యని బాహాటముగానే చెప్పెను. ఏ విభజనకైనను అసలు హేతువును ఎరుంగగోరువారు, ఆ తరువాత అల్లిన సమర్థనలను గాక, ఆనాటి పత్రములనే చదువవలెనని దీనివలన తెలియుచున్నది.

ఇక అధికారము మాట. రాష్ట్రములు స్వేచ్ఛగా చేరినవి గనుక స్వేచ్ఛగా వెడలిపోవచ్చునని దక్షిణాదివారును, ఏర్పడిన యూనియను శాశ్వతమని అధ్యక్షుడు లింకనును వాదించిరి. రాజ్యాంగము ఈ విషయమున మౌనము వహించియుండెను. యుద్ధము ముగిసిన నాలుగేండ్లకు, 1869లో, టెక్సాస్ వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి చేస్ తీర్పు చెప్పుచు, యూనియను నాశనములేనిది, దానిలోని రాష్ట్రములును నాశనములేనివే యని నిర్ణయించెను. ఈ తీర్పు రెండవ భాగము మనకు ముఖ్యము. అమెరికాలో రాష్ట్రము యూనియనును వీడిపోజాలదు. కాని రాజ్యాంగము ప్రకారము ఆ రాష్ట్రపు శాసనసభ సమ్మతి లేక దానిని చీల్చు అధికారము కేంద్రమునకును లేదు. 1863లో వర్జీనియానుండి పశ్చిమ వర్జీనియాను వేరుచేయునపుడు సైతము, యూనియను పక్షమున నిలిచిన ఒక చిన్న ప్రభుత్వమును వర్జీనియా ప్రభుత్వముగా గుర్తించి, దాని నోట సమ్మతి పలికించవలసివచ్చినది. ఆ సమ్మతి నామమాత్రమే కావచ్చును; ఐనను అది లేనిదే చట్టము నిలువదను భయభక్తులు వారికుండెను.

మన రాజ్యాంగము పట్టిన మార్గము

1948 నవంబరు 4వ తేదీన రాజ్యాంగ ముసాయిదాను సభముందుంచుచు డాక్టర్ అంబేద్కర్ ఈ అమెరికా కథనే జ్ఞాపకము చేసెను. విడిపోవు హక్కు రాష్ట్రములకు లేదని నిరూపించుటకు వారికి ఒక అంతర్యుద్ధము కావలసివచ్చినదనియు, మనము దానిని ఊహకును వివాదమునకును వదలక మొదటనే స్పష్టము చేసికొనుట మేలనియు ఆయన భావము. భారతదేశము రాష్ట్రములు కుదుర్చుకొన్న ఒడంబడికవలన పుట్టినది కాదు గనుక, ఏ రాష్ట్రమునకును వెడలిపోవు హక్కు లేదని ఆయన తేల్చిచెప్పెను. ఆ పిమ్మట మద్రాసు రాష్ట్రమున ద్రవిడ మున్నేట్ర కళగము, తెలుగువారినికూడ కలుపుకొని దక్షిణ భారతము ద్రావిడనాడుగా వేరుపడవలెనని ప్రచారము చేయగా, 1963లో వచ్చిన 16వ రాజ్యాంగ సవరణ శాసనసభ్యత్వము కోరువారందరును దేశ సమగ్రతను నిలుపుదుమని ప్రమాణము చేయవలెనని విధించినది. ఆ పక్షమును తన కోరికను విడిచిపెట్టినది. మన దక్షిణాది వేర్పాటువాదము తుపాకి పేలకుండనే ముగిసినది.

ఇంతవరకు మనదారి అమెరికా దారియే. మూడవ అధికరణము కడ దారులు చీలును. రాష్ట్రములను విడదీయుటకు, కలుపుటకు, సరిహద్దులు మార్చుటకు, పేరు మార్చుటకు పార్లమెంటునకు అధికారము కలదు. రాష్ట్రపతి ఆ బిల్లును సంబంధిత శాసనసభకు పంపి గడువులోపల అభిప్రాయము చెప్పుమని అడుగవలెనే కాని, ఆ అభిప్రాయమునకు లోబడనక్కరలేదు. బొంబాయి రాష్ట్ర విభజనను గూర్చిన బాబూలాల్ పరాతే వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ అర్థమునే స్థిరపరచినది. ఇందలి వైపరీత్యమును కొంచెము తరచి చూడవలెను. బేరుబారి భూభాగమును పాకిస్తానునకు ఇచ్చు విషయమున సుప్రీంకోర్టు 1960లో చెప్పిన ప్రకారము పిడికెడు భూమిని పరదేశమునకు ఇచ్చుటకు రాజ్యాంగమునే సవరింపవలెను. కోట్లాది ప్రజలుగల రాష్ట్రమును రెండుగా చీల్చుటకు మాత్రము పార్లమెంటున సాధారణ బహుమతము చాలును. దేశము విడిపోదు, రాష్ట్రము ఎప్పుడైనను విడదీయబడవచ్చును.

దేశవిభజన గాయము పచ్చిగానున్న రోజులలో, సంస్థానములను కలిపి రాష్ట్రముల పటమును క్రొత్తగా గీయవలసిన అవసరములో, రాజ్యాంగ నిర్మాతలు ఈ అధికారమును కేంద్రమున కిచ్చిరి. అది లేనిచో మద్రాసు శాసనసభ సమ్మతికై కాచుకొని కూర్చుండిన ఆంధ్ర రాష్ట్రము 1953 అక్టోబరు 1న పుట్టియుండునా యన్నది సందేహమే. మనకు మేలుచేసిన అధికరణమే అరువదియేండ్లకు మనకు కీడుగా తోచినది. అధికరణము మారలేదు, మనము నిలిచిన చోటు మారినది.

పర్లాకిమిడి, కొటియా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజలకు సరిహద్దు గీతలు క్రొత్తవి కావు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిసా రాష్ట్రము ఏర్పడినపుడు గంజాం జిల్లాలో అధికభాగము, విశాఖ ఏజెన్సీలోని జయపురము సంస్థానము దానిలో కలిసినవి. పర్లాకిమిడి జమీ రెండు ముక్కలయి, పట్టణము అటును టెక్కలి, పాతపట్నం ప్రాంతములు ఇటును నిలిచినవి. నాటి నిర్ణయము లండనులో జరిగినది. ఇక్కడి ప్రజలను ఓటు అడిగినవారు లేరు. జీవితమున అధికభాగమును పర్లాకిమిడిలో గడిపి, సవరలకు వారి భాషలో బడులు పెట్టి పాఠపుస్తకములు వ్రాసిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు, ఆ విలీనమును సహింపలేక, వృద్ధాప్యమున ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరి, 1940లో పరమపదించువరకు మరల అక్కడ కాపురముండలేదు. నౌపడ నుండి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి రాజావారు 1900లో వేయించిన రైలుమార్గము నేటికిని ఆ రాష్ట్రమునకును ఈ రాష్ట్రమునకును నడుమ ప్రజలను చేరవేయుచున్నది. పాతపట్నమున పిల్లనిచ్చి పర్లాకిమిడిలో బట్టలుకొను కుటుంబములకు ఆ గీత కచేరీ కాగితములయందు తప్ప కానరాదు.

సాలూరు పైనున్న కొండలలో కొటియా గ్రామముల కథ మరింత విషాదకరము. ఇరువదియొక్క గ్రామములు ఎవరివను విషయమై 1968లో ఒడిసా ప్రభుత్వము సుప్రీంకోర్టునకు వెళ్లినది. దాదాపు నలువదేండ్లకు, 2006లో, ఇది తాను తీర్చదగిన తగవు కాదని చెప్పి న్యాయస్థానము యథాతథస్థితిని నిలిపినది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరుపగా ఒడిసా మరల కోర్టుమెట్లెక్కినది. ఆ కొండలలోని గిరిజన కుటుంబముల యిండ్లలో రెండు రాష్ట్రముల రేషను కార్డులు, రెండు ఓటరు గుర్తింపు పత్రములు కలవు. అధికారులు ఇరువైపుల నుండి వచ్చి బోర్డులు పాతుదురు. గీతను స్పష్టముగా గీయనివారి పొరపాటు మూడు తరములను వెంటాడుచున్నది.

నెరవేరని ఒప్పందములు

తెలంగాణ, ఆంధ్రముల కలయిక మొదటినుండియు షరతులతో కూడినది. ఫజల్ అలీ అధ్యక్షతనున్న రాష్ట్రముల పునర్విభజన సంఘము 1955లో తెలంగాణమును కొంతకాలము వేరుగా ఉంచి, 1961 ఎన్నికల తరువాత అచ్చటి శాసనసభ మూడింట రెండువంతుల బహుమతముతో కోరినచో కలుపుట మంచిదని సూచించినది. ఆ సూచన త్రోసివేయబడి, 1956 ఫిబ్రవరి 20న ఉభయప్రాంతముల నాయకుల నడుమ పెద్దమనుషుల ఒప్పందము కుదిరినది. తెలంగాణ మిగులు నిధులు అచ్చటనే వ్యయపరుపవలెననియు, అచ్చటి ఉద్యోగములు పండ్రెండేండ్లు నివసించినవారికే దక్కవలెననియు అందు వ్రాసికొనిరి. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినది. ఒప్పందము మాత్రము క్రమముగా కాగితమునకే పరిమితమైనది.

అక్కడినుండి చరిత్ర ఒక విచిత్రమైన మలుపు తిరిగినది. ఒప్పందములు ఉల్లంఘింపబడినవని 1969లో తెలంగాణ వేరురాష్ట్రము కోరినది. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, స్థానికులకే ఉద్యోగములనిచ్చు నైజాంనాటి ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పినందున, ఆ రక్షణలు నిలిచినవని ఆంధ్రప్రాంతము వేరురాష్ట్రము కోరినది. మా రాజధానిలో మేమే పరాయివారమా యని శ్రీకాకుళపు పట్టభద్రుడు నాడడిగిన ప్రశ్నయు, మా ఊళ్లో మా ఉద్యోగము మాకెందుకు రాదని మహబూబ్‌నగరపు పట్టభద్రుడు అడిగిన ప్రశ్నయు ఒకేకోవకు చెందినవి. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు మంత్రివర్గము గద్దె దిగినది, రాష్ట్రపతి పాలన వచ్చినది. సెప్టెంబరులో ఆరుసూత్రముల పథకమును, ఆ పిమ్మట దాని ననుసరించి చదువు, ఉద్యోగములలో స్థానికులకు అవకాశము కల్పించు 371-డి అధికరణమును పుట్టినవి. 1975లో రాష్ట్రపతి ఉత్తరువున ఉత్తరాంధ్రము ఉద్యోగ నియామకములలో ఒకటవ జోనైనది. సమస్యకు మూలమైన నిరుద్యోగము, ప్రాంతముల నడుమ నున్న వెనుకబాటు తనము మాత్రము తీరలేదు. స్థానికేతర ఉద్యోగులను వారివారి జోన్లకు పంపుమను 610వ నంబరు జీవో 1985లో వచ్చుటయే అందుకు సాక్ష్యము.

ఉత్తరాంధ్రకు ఈ తగవులో ఒక ప్రత్యేక దుఃఖము కలదు. వంశధార, నాగావళి నదుల నడుమ నున్నను వలసలు తప్పని నేల ఇది. పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం స్టేషన్లలో సికింద్రాబాదు రైళ్లకై మూటలతో వేచియుండు కూలీలను చూచినవారికి, ఇక్కడివారు హైదరాబాదును దోచినవారను మాట ఎంత దూరమో తెలియును. తెలంగాణ తన వెనుకబాటుకు హేతువుగా చూపిన విషయములలో పెక్కింటిని ఈ జిల్లాలును తమవిగా చెప్పుకొనవచ్చును. సీమాంధ్ర అను ఒక్క పేరుక్రింద కృష్ణా డెల్టా సంపదయు, సిక్కోలు కూలివాని దారిద్ర్యమును ఒకటిగా లెక్కింపబడినవి.

2014: చట్టము, పద్ధతి

2009 డిసెంబరు 9న కేంద్రము తెలంగాణ ప్రక్రియ మొదలగునని ప్రకటించి, డిసెంబరు 23న వెనుకకు తగ్గినది. ఆ పిమ్మట కేంద్రము నియమించిన శ్రీకృష్ణ కమిటీ ఆరు మార్గములను చెప్పి, తెలంగాణకు చట్టబద్ధమైన ప్రాంతీయ మండలినిచ్చి రాష్ట్రమును కలిపియుంచుటయే అన్నిటికంటె మేలని అభిప్రాయపడినది. ఆ నివేదికపై సావధానమైన చర్చ జరుగలేదు. తరువాత విభజన బిల్లు శాసనసభకు వచ్చినది. రాష్ట్రపతి ఇచ్చిన గడువు ఒక వారము పెరిగినది. 2014 జనవరి 30న సభ మూజువాణి ఓటుతో దానిని తిరస్కరించినది. ఫిబ్రవరి 13న లోక్‌సభలో బిల్లును ప్రవేశపెట్టినపుడు మిరియపు పొడి చల్లబడినది. 18వ తేదీన తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారము నిలిచియుండగా మూజువాణితోనే బిల్లు నెగ్గినది. 20న రాజ్యసభ ఆమోదించినది. జూన్ 2న తెలంగాణ అవతరించినది.

ఇందు చట్టవిరుద్ధమేమి? శాసనసభ కాదన్నను పార్లమెంటు విభజింపగలదని మూడవ అధికరణము చెప్పుచున్నది. 371-డి ఉన్నందున రాజ్యాంగ సవరణ లేక విభజించుట చెల్లదని కొందరు వాదించిరి. పునర్వ్యవస్థీకరణ చట్టమే ఆ అధికరణమును తగినట్లు సవరించినది. పలువురు సుప్రీంకోర్టునకు వెళ్లిరి. న్యాయస్థానము విభజనను ఆపలేదు. అక్షరమును బట్టి చూచినచో విభజన న్యాయబద్ధమే యని ఒప్పుకొనక తప్పదు. అంతకు పూర్వము 2000లో ఉత్తరాఖండ్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ రాష్ట్రములు పుట్టినపుడు మూల రాష్ట్రముల శాసనసభలే తీర్మానములు చేసెను. ఆ సంప్రదాయము ఇక్కడ తెగినది. తెలంగాణ ప్రజల ఆవేదన నిజమైనదే. వారి కోరికకు హేతువు కలదు. కాని తలుపులు మూసి, దీపము ఆర్పినట్లు ప్రసారమును ఆపి చేసిన శాసనము, ఓడినవారికి తమ మాట వినబడినదను తృప్తిని మిగులనీయలేదు. ఓడిన పక్షమునకు ఆ తృప్తినిచ్చుటయే ప్రజాస్వామ్యపు పద్ధతికి సార్థకత.

వాగ్దానముల లెక్క

విభజన జరిగి పదేండ్లు దాటినది. హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా ఉండవలసిన పదేండ్ల గడువు 2024 జూన్ 2న ముగిసినది. విభజన చట్టము 46వ విభాగమున రాయలసీమకును ఉత్తర కోస్తాకును ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజిని ఇచ్చెదమనినది. ఏడు వెనుకబడిన జిల్లాలకు ఏటా 50 కోట్ల చొప్పున నిర్ణయించిన నిధులు కొలదియేండ్లు వచ్చి నిలిచినవి. కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయమునకు పార్లమెంటు 2019లో చట్టమొనర్చగా, తరగతులు విజయనగరమున తాత్కాలిక భవనములలో మొదలయినవి. సొంత ప్రాంగణమునకు శంకుస్థాపన 2023లో గాని జరుగలేదు. రైల్వే జోను సాధ్యాసాధ్యములను ఆరు నెలలలో పరిశీలింపవలెనని చట్టమున వ్రాసికొనిరి; ప్రకటన 2019 ఫిబ్రవరిలో, విశాఖలో శంకుస్థాపన 2025 జనవరిలో జరిగినవి. ప్రత్యేక హోదాను నాటి ప్రధాని రాజ్యసభలో నోటిమాటగా చెప్పెను. చట్టమున అక్షరము లేదు గనుక, దానిని కోర్టులో అడుగుటకు తావు లేకపోయినది.

ఇవిగాక, పత్రికలలో ఎక్కువగా వ్రాయబడని ఒక దెబ్బ ఈ జిల్లాలవారికి తగిలినది. విభజనానంతరము తెలంగాణ ప్రభుత్వము తన వెనుకబడిన తరగతుల జాబితానుండి 26 కులములను తొలగించినది. తూర్పు కాపు, కాళింగ, కొప్పుల వెలమ వంటి ఉత్తరాంధ్ర కులములు వానిలో కలవు. తాతనాడు హైదరాబాదునకు తాపీపనికి పోయి, అక్కడనే ఇల్లు కట్టుకొన్న కుటుంబపు మనుమరాలు, కళాశాలలో చేరగోరినపుడు, పుట్టిన రాష్ట్రమున వెనుకబడినది కాదు, ఎన్నడును నివసింపని రాష్ట్రమున వెనుకబడినది. కచేరీలను, ఆస్తులను, అప్పులను 58కిని 42కును పంచుకొనుటకు లెక్కలు వేసినవారు, మనుష్యుల హక్కులు ఏ గట్టున పడునో చూచుకొనలేదు.

అమెరికా రాజ్యాంగము రాష్ట్రమును సమ్మతి లేనిదే చీల్చదు; మన రాజ్యాంగము చీల్చగలదు. మన మార్గమును మార్చవలెననుట నా అభిప్రాయము కాదు. మద్రాసు సమ్మతికై కాచుకొనియున్నచో ఆంధ్రము వచ్చియుండునా యన్న సందేహమును మరువరాదు. సమ్మతి అక్కరలేని అధికారము చేతనున్నవారికి కారణములను చెప్పు బాధ్యత రెండింతలగునని మాత్రము చెప్పవలెను. శాసనసభ కాదన్నచో, కాదన్న ప్రతి కారణమునకును పార్లమెంటున జవాబు పలుకవలెను. ఇచ్చిన ప్రతి వాగ్దానమును గడువుతోను నిధులతోను చట్టమునందే వ్రాయవలెను. గీతకు ఇరువైపుల నివసించువారి చదువు, కొలువు, కులధ్రువపత్రములకు ఏమగునో గీయుటకు ముందే తేల్చవలెను.

విశాఖ ఆంధ్రప్రదేశ్‌కు రాజధాని కానియెడల ఉత్తరాంధ్రనే ప్రత్యేక రాష్ట్రము చేయవలెనను మాట ఆ మధ్య వినబడినది. అట్టి కోరిక రేపు బలపడినచో, 1972లో మనము చెప్పినదియు, 2013లో మనము చెప్పినదియు రెండును మనముందు నిలుచును. అమెరికా దక్షిణాదివలె, ఓడిన పిమ్మట హేతువులను మార్చి వ్రాసికొనుట మనకు తగదు. మన కోరికకును ఎదుటివాని కోరికకును ఒకే కొలతను వాడగల ధైర్యము ఉన్ననాడే విడిపోవుమనుటకును, కలిసియుండుమనుటకును మనకు నైతికమైన అర్హత కలుగును.